హ్యావ్, హ్యాడ్ ఎక్కడ వాడాలి? ఇంగ్లిష్ నుడికారం ఎలా పట్టుబడుతుంది? హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే మిత్రులకు నా సమాధానం

మీ ప్రశ్న సారాంశం ఇది. చిత్తూరులో డిగ్రీ చదివారు. ఇప్పుడు తిరుపతిలో ఒక హోటల్ రిసెప్షన్‌లో ఉద్యోగం. ఉత్తరాది నుంచి, విదేశాల నుంచి వచ్చే యాత్రికులతో రోజంతా ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి. సింపుల్ పాస్ట్ ('ఏట్', 'వెంట్' లాంటి రూపం) రావలసిన చోట హ్యావ్, హ్యావ్ రావలసిన చోట హ్యాడ్ వచ్చేస్తున్నాయి. గడిచిపోయిన విషయం కాబట్టి మెయిల్‌లో ఎప్పుడూ హ్యాడ్ రాయాలని మీ పైఅధికారి చెప్పారు. దీనికి తోడు అతిథులు వాడే జాతీయాలు అర్థం కావడం లేదు, వెయ్యి జాతీయాల పుస్తకం ఒకటి కొని బట్టీ పట్టాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. జరిగిన సమయం చెప్పినా, అది ఎప్పుడన్నది మీకూ వినేవారికీ ముందే తెలిసినా సింపుల్ పాస్ట్. ఎప్పుడు జరిగిందన్నది ముఖ్యం కాకుండా, దాని ఫలితం ఇప్పుడు ఉన్నా, ఆ పని ఇంకా సాగుతున్నా హ్యావ్ లేదా హ్యాజ్. గతంలోని ఒక ఘటన దగ్గర నిలబడి అంతకంటే ముందు జరిగినదాన్ని చెప్పవలసి వస్తేనే హ్యాడ్. రాబోయే గడువులోగా పూర్తయ్యేదానికి విల్ హ్యావ్. మీ పైఅధికారి చెప్పిన నియమం ఇంగ్లిష్‌లో లేదు. ఇక ఆ పుస్తకం కొనవద్దు. కారణం కింద వివరంగా చెబుతాను.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. నర్సులు, ట్రావెల్స్ నడిపేవారు, మీలాంటి హోటల్ ఉద్యోగులు, ఇంటర్వ్యూలకు చెన్నై, బెంగళూరు వెళ్లే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. అందరూ అడిగే మొదటి ప్రశ్న మీదే. పన్నెండు టెన్సుల పట్టిక అందరికీ నోటికి వస్తుంది. నోరు తెరిచి మాట్లాడవలసి వచ్చేసరికి అందులో ఏ గడి తమదో తెలియదు.

మన ఊరి విషయంతోనే చూద్దాం. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. సంవత్సరం చెబుతున్నాం కాబట్టి 'తిరుపతి బికేమ్ ఎ డిస్ట్రిక్ట్ ఇన్ 2022' అనాలి. ఇక్కడ 'హ్యాజ్ బికమ్' అనకూడదు. ఆ జిల్లా ఈ రోజుకూ ఉంది కదా, ఆ సంగతి చెప్పాలంటే 'తిరుపతి హ్యాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 2022'. ఇప్పుడు 2022 దగ్గర నిలబడి వెనక్కి చూడండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి తిరుపతి అందులోనే ఉండేది. అందుకని 'అంటిల్ దెన్, ఇట్ హ్యాడ్ బీన్ ఇన్ చిత్తూరు డిస్ట్రిక్ట్'. చివరగా ముందుకు చూస్తే, 'బై ఏప్రిల్ 2032, ఇట్ విల్ హ్యావ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ ఫర్ టెన్ ఇయర్స్'. నాలుగు వాక్యాలూ ఒకే జిల్లా గురించే. మీరు ఎక్కడ నిలబడి చూస్తున్నారన్నది మాత్రమే మారింది. కాబట్టి వాక్యం మొదలుపెట్టే ముందు తెలుగు క్రియను తలుచుకోకండి, 'నేను ఏ కాలంలో నిలబడి మాట్లాడుతున్నాను?' అని అడుక్కోండి.

తెలుగు క్రియను ఎందుకు వద్దంటున్నానంటే, మనకు 'తిన్నాను' ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. 'నిన్న అక్కడే తిన్నాను' అన్నా, 'వద్దండీ, ఇప్పుడే తిన్నాను' అన్నా అదే మాట. ఇంగ్లిష్‌లో మొదటిది 'ఐ ఏట్', రెండోది 'ఐ హ్యావ్ జస్ట్ ఈటెన్'. రెండో వాక్యంలో ఎప్పుడు తిన్నారన్నది ఎవరికీ అక్కరలేదు, ఇప్పుడు కడుపు నిండి ఉందన్నదే విషయం. మనం ఆ తేడాను సందర్భానికి వదిలేస్తాం. ఇంగ్లిష్ ఆ బాధ్యతను క్రియ మీద పెట్టింది.

మీ రిసెప్షన్ బల్ల దగ్గరే దీన్ని చూడవచ్చు. అతిథి కిందికి వచ్చి 'ఐ హ్యావ్ లాస్ట్ ద కీ' అన్నారంటే తాళం చెవి ఇంకా దొరకలేదని అర్థం, మీరు వెంటనే రెండో తాళం చెవి తీయాలి. 'ఐ లాస్ట్ ద కీ ఎస్టర్‌డే' అన్నారంటే నిన్న పోయిందని మాత్రమే తెలుస్తుంది. తరువాత దొరికిందో లేదో ఆ వాక్యం చెప్పదు, మీరే అడగాలి. అయితే ఒక జాగ్రత్త. ఈ తేడాను బ్రిటన్ వాళ్లు పాటించినంతగా అమెరికన్లు పాటించరు. ఈ క్షణంలో తాళం చెవి లేకపోయినా అమెరికన్ అతిథి 'ఐ లాస్ట్ మై కీ' అనవచ్చు. 'జస్ట్', 'ఆల్‌రెడీ' ఉన్నప్పుడు కూడా వాళ్లు 'ఐ ఆల్‌రెడీ ఏట్' అంటారు. అది వాళ్ల వాడుక, దానిలో తప్పేమీ లేదు. మీరు మాత్రం 'ఐ హ్యావ్ ఆల్‌రెడీ ఈటెన్' అనే అలవాటు చేసుకోండి. అది రెండు దేశాల్లోనూ చెల్లుతుంది.

తిరుపతిలో రోజూ అవసరమయ్యే ఇంకో తేడా 'గాన్', 'బీన్' మధ్య ఉంది. 304 నంబరు గదిలోని అతిథి కోసం ఎవరైనా ఫోను చేస్తే 'హి హ్యాజ్ గాన్ టు తిరుమల' అనండి. అంటే ఆయన కొండకు వెళ్లారు, ఇంకా తిరిగి రాలేదు. 'హి హ్యాజ్ బీన్ టు తిరుమల' అంటే వెళ్లి వచ్చేశారు, లేదా జీవితంలో ఎప్పుడో ఒకసారి చూశారు. అతిథిని పలకరిస్తూ 'హ్యావ్ యూ బీన్ టు కాణిపాకం?' అని అడగవచ్చు. 'హ్యావ్ యూ గాన్ టు కాణిపాకం?' అని ఎదురుగా నిలబడిన మనిషిని అడిగితే ఆయన ఇక్కడ ఉంటూనే కాణిపాకంలో ఉన్నట్టు అవుతుంది. ఈ ఒక్క జంటను సరిగ్గా పట్టుకున్నవారికి ప్రెజెంట్ పర్ఫెక్ట్, అంటే హ్యావ్, హ్యాజ్‌లతో వచ్చే ఈ రూపం, సగం వచ్చినట్టేనని నా అనుభవం.

సమయం ముగిసిందా, ఇంకా నడుస్తోందా అన్నది కూడా చూడాలి. ఉదయం పది గంటలకు 'ఐ హ్యావ్ సీన్ హర్ దిస్ మార్నింగ్' అనవచ్చు, ఎందుకంటే ఉదయం ఇంకా అయిపోలేదు. సాయంత్రం నాలుగు గంటలకు అదే సంగతి చెప్పాలంటే 'ఐ సా హర్ దిస్ మార్నింగ్' అనాలి. మాటలు అవే, గడియారం మారింది. మనుషుల విషయంలోనూ ఇలాగే. సర్వేపల్లి రాధాకృష్ణన్ చిన్నప్పుడు తిరుపతిలో చదువుకున్నారు, 1975లో కన్నుమూశారు. ఆయన గురించి 'రాధాకృష్ణన్ స్టడీడ్ ఇన్ తిరుపతి' అనాలి, 'హ్యాజ్ స్టడీడ్' అంటే చెవికి ఇబ్బందిగా ఉంటుంది. 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి 'ఎస్వీ యూనివర్సిటీ హ్యాజ్ ప్రొడ్యూస్డ్ మెనీ స్కాలర్స్' అన్నది చక్కగా కుదురుతుంది.

ఇంటర్వ్యూల్లో మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది 'సిన్స్' దగ్గర. 'రెండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను' అన్నదాన్ని మాటకు మాటగా మార్చి 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అంటారు. అందులో రెండు తప్పులున్నాయి. వెనుక మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి 'హ్యావ్ బీన్ వర్కింగ్' కావాలి. రెండేళ్లు అన్నది వ్యవధి కాబట్టి 'ఫర్' రావాలి. 'సిన్స్' మొదలైన బిందువుకే వస్తుంది, 'సిన్స్ 2023' లేదా 'సిన్స్ మండే' అన్నట్టు. సరైన వాక్యం 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్'. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ఆసుపత్రి ఉద్యోగం చేస్తూనే ఇంటర్వ్యూలో 'ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్' అంది. వాళ్లు వెంటనే 'ఎందుకు మానేశారు?' అని అడిగారు. ఆమెకు ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. ఆ వాక్యంలో వ్యాకరణ దోషం ఏమీ లేదు. అయితే సింపుల్ పాస్ట్ వాడితే ఆ ఉద్యోగం అయిపోయిందని ఇంగ్లిష్ చెవికి వినిపిస్తుంది. వ్యాకరణ దోషం కంటే ఇలాంటివే ఎక్కువ నష్టం చేస్తాయి, ఎందుకంటే ఎదుటివారు సరిదిద్దరు, మరోలా అర్థం చేసుకుని ముందుకు పోతారు.

'నో', 'బీ' లాంటి స్థితిని చెప్పే క్రియలకు ఆ 'ఇంగ్' రూపం అతకదు. 'ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్' అనాలి, 'హ్యావ్ బీన్ నోయింగ్' లేదు.

ఇక హ్యాడ్. దీని మీద కాస్త నిలబడి మాట్లాడాలి, మీ ఆఫీసులోనే ఈ గొడవ ఉంది కదా. మన దేశంలో 'ఎస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు తిరుమల' అని చాలామంది చదువుకున్నవారే అంటారు. గతం కాబట్టి హ్యాడ్ పెడితే మరింత మర్యాదగా, మరింత పక్కాగా ఉంటుందని ఎక్కడో నాటుకుపోయింది. మీరు ఉదాహరణగా ఇచ్చిన మెయిల్ వాక్యం 'ద గెస్ట్ హ్యాడ్ వెకేటెడ్ ద రూమ్ ఎట్ సిక్స్'. దాన్ని చదివినవారు రెండో ఘటన కోసం ఎదురుచూస్తారు. ఆరింటికే ఖాళీ చేసేశారు, సరే, ఆ తరువాత ఏమైంది? ఎవరైనా వచ్చి వెతికారా? బిల్లు గొడవ అయిందా? ఏమీ లేకపోతే 'ద గెస్ట్ వెకేటెడ్ ద రూమ్ ఎట్ సిక్స్' చాలు. పైఅధికారికి వ్యాకరణం చెప్పబోవద్దు. మెయిల్ అలా రాసి పంపండి, ఆయన కొట్టివేయరు.

హ్యాడ్‌కు నిజంగా పని పడేది ఇలాంటి చోట. 'వెన్ ద టాక్సీ కేమ్, ద గెస్ట్ లెఫ్ట్' అంటే టాక్సీ వచ్చింది, అతిథి ఎక్కి వెళ్లిపోయారు. 'వెన్ ద టాక్సీ కేమ్, ద గెస్ట్ హ్యాడ్ లెఫ్ట్' అంటే టాక్సీ వచ్చేసరికే అతిథి లేరు, డ్రైవరు ఖాళీగా తిరిగి వెళ్లాలి. ఒక్క హ్యాడ్‌తో టాక్సీ బాడుగ ఎవరు కట్టాలన్న ప్రశ్నే మారిపోతుంది. తెలుగులో 'అప్పటికే' అనాలనిపించే చోట హ్యాడ్ దాదాపుగా సరిపోతుంది. ఈ గుర్తు నా విద్యార్థులందరికీ పనికొచ్చింది. 'బిఫోర్', 'ఆఫ్టర్' ఉండి ఏది ముందో తేటతెల్లంగా తెలిసే వాక్యంలో హ్యాడ్ లేకపోయినా నష్టం లేదు. అలాగే 'ఇఫ్ ఐ హ్యాడ్ నోన్' అన్నట్టు జరగనిదాన్ని ఊహించి చెప్పేటప్పుడు వచ్చే హ్యాడ్ వేరు, దాన్ని ఇప్పుడు కలపకండి.

విల్ హ్యావ్ గురించి మనం భయపడవలసింది ఏమీ లేదు, తెలుగులో దానికి సరిజోడు ఉంది. 'ఈపాటికి వాళ్లు రేణిగుంట చేరి ఉంటారు' అన్నదే 'దే విల్ హ్యావ్ రీచ్డ్ రేణిగుంట బై నౌ'. మీ పనిలో అయితే 'బై ద టైమ్ యూ కమ్ డౌన్ ఫ్రమ్ తిరుమల, వి విల్ హ్యావ్ క్లీన్డ్ యువర్ రూమ్' అని అతిథికి చెప్పి చూడండి, ఎంత భరోసాగా ఉంటుందో.

చదవడంలో ఒక చిన్న సాధన చెబుతాను. ఇంగ్లిష్ దినపత్రికలో ఏ వార్తైనా తీసుకుని మొదటి రెండు మూడు వాక్యాలు చూడండి. కబురు చెప్పే మొదటి వాక్యంలో చాలాసార్లు 'హ్యాజ్ అనౌన్స్డ్', 'హ్యావ్ అరెస్టెడ్' లాంటివి కనిపిస్తాయి. వివరాల్లోకి దిగగానే, రోజు, చోటు రాగానే, 'సెడ్', 'టోల్డ్', 'వెంట్' మొదలవుతాయి. ముందు కబురు, తరువాత కథ. మాటల్లోనూ ఇదే వరుస. 'ఐ హ్యావ్ ఫౌండ్ యువర్ బ్యాగ్' అని ముందు చెప్పి, 'ఇట్ వాజ్ అండర్ ద బెడ్' అని వివరం. రోజుకు ఒక్క వార్తలో క్రియల కింద గీతలు గీయండి, నెల తిరిగేసరికి మీ చెవే చెబుతుంది.

చెవి అన్నాను కాబట్టి ఇది కూడా. అతిథులు 'ఐ హ్యావ్' అని విడివిడిగా పలకరు, 'ఐవ్' అంటారు. 'హీ హ్యాజ్' కూడా, 'హీ ఈజ్' కూడా నోట్లో 'హీజ్' అయిపోతాయి. 'ఐడ్' అన్నది హ్యాడ్ కావచ్చు, వుడ్ కావచ్చు. పక్కనున్న క్రియ రూపాన్ని బట్టి పోల్చుకోవాలి. 'హీజ్ గాన్' అయితే ఎక్కువగా హ్యాజ్, 'హీజ్ గోయింగ్' అయితే ఈజ్. 'మాకు పర్ఫెక్ట్ ఎక్కడా వినపడదు సార్' అని పిల్లలు అంటుంటారు. వినపడుతూనే ఉంటుంది, కాకపోతే సగం మింగేసిన రూపంలో.

ఇప్పుడు జాతీయాలు. పుస్తకం ఎందుకు వద్దన్నానంటే, అలాంటి పుస్తకాలు జాతీయాన్ని అక్షర క్రమంలో పెట్టి పక్కన అర్థం రాస్తాయి. ఎవరు, ఎవరితో, ఏ ముఖం పెట్టుకుని అంటారన్నది వాటిలో ఉండదు. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు సహోద్యోగి తండ్రి పోయినప్పుడు సంతాప సందేశంలో 'కిక్ ద బకెట్' వాడాడు. అర్థం చనిపోవడమే, పుస్తకంలో అదే ఉంది. కానీ అది ఎకసెక్కెంగా అనే మాట. మన తెలుగులో 'బాల్చీ తన్నేశాడు' అని ఎవరి ఇంటికైనా పరామర్శకు వెళ్లి అంటామా? అలాగే జోరువానను పిల్లులు, కుక్కలతో చెప్పే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అనే జాతీయం ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీల్లో ఉంటుంది. వాడుకలో అది పాతబడింది. మామూలుగా 'ఇట్స్ పోరింగ్' అంటారు.

నా సలహా: హ్యావ్‌తో వచ్చే రోజువారీ మాటలతోనే నుడికారం మొదలుపెట్టండి. మీ రెండు ప్రశ్నలూ ఇక్కడ కలుస్తాయి. 'ఇట్స్ బీన్ ఎ లాంగ్ డే' అంటే బాగా అలసిపోయానని. 'యూ హ్యావ్ మేడ్ మై డే' అంటే మీ వల్ల ఈ రోజు సంతోషంగా గడిచిందని. ఎప్పటినుంచో ఫోను చేద్దామనుకుంటూ కుదరనివారు 'ఐ హ్యావ్ బీన్ మీనింగ్ టు కాల్ యూ' అంటారు. మనసు మార్చుకుంటే 'ఐ హ్యావ్ చేంజ్డ్ మై మైండ్'. అవకాశం చేయిదాటిపోతే 'దట్ షిప్ హ్యాజ్ సెయిల్డ్'. వీటన్నిటిలోనూ జరిగిపోయిన పని ఫలితం ఇప్పుడు ఎదురుగా ఉంది చూడండి. రోజంతా నిలబడితేనే ఈ అలసట, ఓడ వెళ్లిపోతేనే ఇప్పుడు రేవు ఖాళీ. ఇలాంటి మాటలు మీ నోటికి అలవాటైతే పర్ఫెక్ట్ టెన్స్ ఎప్పుడు వాడాలో మీకు వేరే పాఠం అక్కరలేదు, ఆ వాక్యాల అచ్చులోనే కొత్త వాక్యాలు పోతపోసినట్టు వస్తాయి.

రెండో వరసలో రెండేసి మాటల క్రియలు పెట్టుకోండి. కొత్తవారు వీటిని చిన్నచూపు చూస్తారు, పెద్ద జాతీయాల వెంట పడతారు. కానీ మీ బల్ల దగ్గర రోజూ వినపడేవి ఇవే. 'ద హాట్ వాటర్ హ్యాజ్ రన్ అవుట్' అంటే వేడినీళ్లు అయిపోయాయి. 'అవర్ కార్ హ్యాజ్ బ్రోకెన్ డౌన్' అంటే కారు దారిలో ఆగిపోయింది. 'కుడ్ సమ్‌వన్ డ్రాప్ అజ్ ఆఫ్ ఎట్ అలిపిరి?' అంటే అలిపిరి దగ్గర దింపగలరా అని. వీటిలో మొదటి రెండూ మళ్లీ హ్యాజ్‌తోనే వచ్చాయి, గమనించారా?

రంగురంగుల జాతీయాలను మాత్రం ముందు విని అర్థం చేసుకునే స్థాయిలో ఉంచండి, వాడడానికి తొందరపడకండి. అతిథి 'ఐ యామ్ ఎ బిట్ అండర్ ద వెదర్' అంటే ఒంట్లో కాస్త నలతగా ఉందని, అంతే. అంబులెన్సు పిలవనక్కరలేదు, వేడినీళ్లు, మందుల దుకాణం దారి చెబితే చాలు. మీరు సాయంత్రం ఊరు చూపించే బండి గురించి చెప్పినప్పుడు అమెరికన్ అతిథి 'ఐల్ టేక్ ఎ రెయిన్ చెక్' అంటే ఇప్పుడు కాదు, ఇంకోసారి చూద్దామని మర్యాదగా చెప్పడం. బ్యాంకు చెక్కుతో దానికి సంబంధం లేదు. బేస్‌బాల్ ఆట వానవల్ల ఆగిపోతే ఇంకో రోజు చూడడానికి ఇచ్చే చీటీ నుంచి వచ్చిన మాట అది. 'లెట్ మి స్లీప్ ఆన్ ఇట్' అంటే రేపు ఆలోచించి చెబుతానని. అలా అన్నవారిని ఆ రాత్రి మళ్లీ అడగకూడదు.

ఒక చిన్న నోట్‌బుక్ బల్ల కింద పెట్టుకోండి. విన్న మాటను ముక్కగా రాయకండి, పూర్తి వాక్యంగా రాయండి. పక్కన ఎవరు అన్నారు, ఏ సందర్భంలో, నవ్వుతూనా, విసుగుతోనా అన్నది తెలుగులో ఒక్క ముక్క రాసుకోండి. అదే మాట ఇంకో ఇద్దరి నోట వినేదాకా మీరు వాడకండి. మూడోసారి విన్నప్పుడు ఎక్కడ అతుకుతుందో మీకే తెలిసిపోతుంది. అతిథులు లేని వేళల్లో వినడానికి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ ఉచితంగా దొరుకుతుంది. అందులో చిన్న చిన్న సంభాషణలు మాటల పుస్తకం కంటే వెయ్యి రెట్లు మేలు.

తెలుగు జాతీయాన్ని మాత్రం మాటకు మాట ఇంగ్లిష్‌లోకి దించవద్దు. 'నా తల తినకు' అన్నది మన మధ్య ముద్దుగానే ఉంటుంది, లండన్ నుంచి వచ్చినవారికి ఆ ఇంగ్లిష్ వాక్యం వింటే గుండె గుభేలుమంటుంది.

చివరగా మన దేశపు ఇంగ్లిష్ గురించి ఒక మాట. 'డూ ద నీడ్‌ఫుల్', 'అవుట్ ఆఫ్ స్టేషన్', ప్రశ్న అనే అర్థంలో 'డౌట్' తప్పులని ఎవరైనా ఎగతాళి చేస్తే పట్టించుకోకండి. ఢిల్లీ అతిథితో, చెన్నై ఆఫీసుతో అవి నిక్షేపంగా నడుస్తాయి. విదేశీ అతిథులతో మాత్రం మార్చి చెప్పండి. 'హి ఈజ్ అవుట్ ఆఫ్ స్టేషన్' అంటే వాళ్లు రైల్వే స్టేషన్ అనుకుంటారు, 'హి ఈజ్ అవుట్ ఆఫ్ టౌన్' అంటే చాలు. డిగ్రీ పూర్తయిందని చెప్పడానికి మనం అనే 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021' అయితే మరీ ఇబ్బంది, వాళ్లకు అది స్పృహ తప్పి పడిపోవడం. మీ బయోడేటాలో ఆ మాట ఉంటే 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2021' అని ఈ రోజే మార్చండి. సంవత్సరం ఉంది కాబట్టి అక్కడ హ్యావ్ పెట్టకండి.